ముల్లు చెప్పే వేడి, వైరు చెప్పే వేడి

మన వృత్తిలో నిన్న చేరిన ట్రెయినీకి కూడా తెలిసిన సూత్రం ఒకటుంది. ప్రోగ్రాము ఎంత బాగా రాసినా, లోపలికి పోయేది చెత్తయితే బయటికొచ్చేదీ చెత్తే. ఇదేదో కంప్యూటర్లవాళ్లు కనిపెట్టిన సత్యం అనుకుంటాం గానీ, మనకంటే చాలా ముందే ఆవిరి ఇంజన్లు నడిపినవాళ్లకీ, ఆ తర్వాత అంబాసిడర్లూ లారీలూ నడిపినవాళ్లకీ ఇది చేతులు కాలి మరీ తెలుసు. వాళ్లకి లోపలినుంచి రావాల్సిన సమాచారం ఒక్కటే: ఇంజను ఎంత వేడిగా ఉంది?

ఈ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పే ముల్లు కారు డ్యాష్‌బోర్డు మీదికి ఎలా వచ్చిందో, మళ్లీ ఎలా మాయమైపోతోందో రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఈ కథని డెట్రాయిట్ నుంచి మొదలుపెట్టొచ్చు. నేను మాత్రం అనంతపురం నుంచి మొదలుపెడతాను. ఎండ, నీళ్ల కరువు, ఎత్తు... మూడూ ఒకే చోట కలిసిన ఊరు. ఇంజను వేడి గురించి మాట్లాడుకోడానికి మన తెలుగునాట ఇంతకంటే మంచి చోటు నాకు తెలిసి లేదు.

అనంతపురం ఊరు సముద్రమట్టానికి సుమారు 335 మీటర్ల ఎత్తున ఉంటుంది. ప్రతి 300 మీటర్లకీ నీళ్లు మరిగే వేడి ఒక డిగ్రీ చొప్పున తగ్గుతుంది కాబట్టి అక్కడ నీళ్లు 99కి కాస్త ఇటుగానే మరుగుతాయి. అక్కణ్ణుంచి బెంగుళూరు పోవాలంటే రెండొందల పై చిలుకు కిలోమీటర్లలో ఇంకో ఐదొందల మీటర్ల పైన ఎక్కాలి. పాత ఏడో నంబరు జాతీయ రహదారి అదే (2010లో నంబర్లు మార్చాక 44 అయ్యింది). వర్షం సంగతి తెలిసిందే. నైరుతి మేఘాల్ని పడమటి కనుమలు ఆపేస్తాయి, ఈశాన్య రుతుపవనాలు బంగాళాఖాతం నుంచి ఇంతదూరం వచ్చేసరికి ఆయాసపడతాయి. సగటు ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. అందుకే నీళ్లన్నీ బోర్లలోంచే రావాలి. ఆ బోరు నీళ్లు ఎలాంటివో అక్కడ కాపురం చేసినవాళ్లని అడగండి. గిన్నెలో కాచితే అడుగున తెల్లటి పొర, పళ్ల మీద ఫ్లోరైడు గార. 1990ల మధ్యలో శ్రీ సత్యసాయి తాగునీటి పథకం వందల పల్లెలకి మంచినీళ్లు తెచ్చేదాకా మనుషులకే గతిలేదు, ఇంక రేడియేటర్లకి ఎక్కడ?

కారు రాకముందు ఈ పీఠభూమిలో వేడెక్కే యంత్రం అంటే రైలింజనే. గుంతకల్లు, గుత్తి రైల్వే ఊళ్లు. ఆవిరి ఇంజనుకి అసలు ప్రమాదం వేడి ఎక్కువవడం కాదు, నీళ్లు తక్కువవడం. నిప్పుగూడు పైకప్పు మీద ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉండాలి. నీటిమట్టం దిగి ఆ రేకు బయటపడిందా, ఎర్రగా కాలి మెత్తబడి బాయిలరు పేలుతుంది. 1803లో ఇంగ్లండులోని గ్రీనిచ్‌లో రిచర్డ్ ట్రెవితిక్ తయారుచేసిన ఇంజను బాయిలరు అలాగే పేలి మనుషులు పోయారు. ఆ దెబ్బతో ఆయన ఒక ఉపాయం చేశాడు. ఆ రేకులో ఒక కన్నం పెట్టి సీసంతో మూశాడు. నీళ్లున్నంతసేపూ సీసం చల్లగా ఉంటుంది. నీళ్లు తగ్గితే కరిగిపోయి, ఆవిరి ధారగా నిప్పుల మీద పడుతుంది. డ్రైవరుకి తెలుస్తుంది, నిప్పూ చల్లారుతుంది.

నాకీ సీసం బిరడా అంటే చాలా ఇష్టం. వైరు లేదు, ముల్లు లేదు, అంకె లేదు. అది చెప్పగలిగింది ఒక్క మాటే, అదీ జీవితంలో ఒక్కసారే. కానీ అబద్ధం చెప్పే అవకాశం చాలా తక్కువ. ఆ తర్వాత రెండొందల ఏళ్లలో మనం చేసిందల్లా ఇంకా ఎక్కువ వివరం అడగడం, దానికి బదులుగా నమ్మకాన్ని కొంచెం కొంచెంగా వదులుకోవడం.

కార్లు వచ్చిన కొత్తలో వేడి చూపించే పరికరమే లేదు. ఫోర్డ్ మోడల్ టీ కార్లలో దాదాపు అన్నిటికీ నీళ్ల పంపు కూడా లేదు. వేడి నీళ్లు పైకి, చల్ల నీళ్లు కిందికి వాటంతటవే తిరిగేవి. రేడియేటరు మూతలోంచి ఆవిరి వస్తే వేడెక్కిందని అర్థం. 1910లలో అమెరికాలో హారిసన్ బాయిస్ అనే ఆయన రేడియేటరు మూతకే ఒక థర్మామీటరు బిగించి అమ్మడం మొదలుపెట్టాడు. బాయిస్ మోటోమీటర్ అని పేరు. బానెట్ చివర నిలబడి ఉండేది, డ్రైవరు అద్దంలోంచి ముందుకి చూస్తే ఎర్ర గీత ఎంతవరకు ఎక్కిందో కనపడేది.

ఇందులో ఒక తెలివి ఉంది. ఆ థర్మామీటరు నీళ్లలో మునగదు. నీళ్ల పైన ఉండే గాలి, ఆవిరి వేడిని కొలుస్తుంది. ఎందుకంటే నీళ్లు తగ్గిపోతే నీళ్లలో ముంచిన థర్మామీటరు గాల్లో తేలిపోయి తప్పు చెబుతుంది కదా. ఈ పాయింటు గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీనితో పనుంది.

మూత మీద నుంచి డ్యాష్‌బోర్డు మీదికి వేడిని తేవడానికి మొదట వాడింది కరెంటు కాదు. ఇంజనులో ఒక చిన్న రాగి గుండు, అందులో ఈథరు లాంటి తొందరగా ఆవిరయ్యే ద్రవం, అక్కణ్ణుంచి డ్యాష్‌బోర్డు దాకా వెంట్రుకలాంటి రాగి గొట్టం. వేడికి ద్రవం ఆవిరై ఒత్తిడి పెరిగితే, అవతలి కొసన చుట్టగా వంచిన గొట్టం కాస్త విచ్చుకుని ముల్లుని తోస్తుంది. ఆ చుట్టగొట్టం యూజీన్ బూర్డాన్ అనే ఫ్రెంచాయన 1849లో పేటెంట్ తీసుకున్నది. మన ఊళ్లో సైకిలు షాపు కంప్రెసరు మీద ఉండే ప్రెషర్ మీటరు కూడా అదే. బాగా పనిచేసేది గానీ, ఆ సన్న గొట్టం ఎక్కడన్నా మడతపడి విరిగిందా, ఇంక అంతే. అతకడం మేస్త్రీ వల్ల కాదు, మీటరు మొత్తం పారేయాల్సిందే.

తర్వాత వచ్చింది కరెంటు పద్ధతి. దీని మూలం చాలా పాతది. 1833లో మైకేల్ ఫారడే సిల్వర్ సల్ఫైడు మీద ప్రయోగాలు చేస్తూ ఒక వింత చూశాడు. లోహాలు వేడెక్కితే కరెంటుకి అడ్డు పెరుగుతుంది, దీనికి మాత్రం తగ్గుతోంది. అది దేనికి పనికొస్తుందో అప్పట్లో ఎవరికీ తెలీదు. దాదాపు వందేళ్ల తర్వాత, 1930లో, శామ్యూల్ రూబెన్ దాన్ని ఒక వస్తువుగా తయారుచేశాడు. తర్వాత మాంగనీసు, నికెలు ఆక్సైడ్లతో చేసిన థర్మిస్టర్లు చవగ్గా వచ్చేశాయి. ఒక ఇత్తడి మరలో చిన్న బిళ్ల, దానికి ఒక్క వైరు. కరెంటు తిరిగిపోడానికి ఇంజను ఒళ్లే దారి.

మన దగ్గర పాత కార్లన్నిట్లో నడిచింది ఈ ఒంటివైరు సెన్సారే. దీన్ని పరీక్షించడానికి షెడ్డుల్లో ఒక పద్ధతి ఉండేది, ఇప్పటికీ ఉంది. వైరు పీకేయండి: ముల్లు పూర్తిగా చల్ల వైపు పడాలి. ఆ వైరుని ఇంజను బాడీకి ఒక్క క్షణం తాకించండి: ముల్లు పూర్తిగా వేడి వైపు పోవాలి. రెండూ జరిగితే ముల్లు, వైరు బాగున్నట్టు, తప్పు సెన్సారుది. జరక్కపోతే సెన్సారు జోలికి పోకండి. రెండు నిమిషాల పని. మనవాళ్లు యూనిట్ టెస్టింగు అని పేరు పెట్టి ట్రైనింగులిచ్చేది ఇదే కదా :)

ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది. కొత్త సెన్సారు బిగించేటప్పుడు నీళ్లు కారకుండా మరకి తెల్లటి టేపు దండిగా చుడతారు. టేపు మరీ ఎక్కువైతే సెన్సారుకీ ఇంజను ఒంటికీ మధ్య కరెంటు సరిగ్గా పోదు. ముల్లు అసలు కంటే తక్కువ చూపిస్తుంది. నీళ్లు కారవు, డ్రైవరు హాయిగా ఉంటాడు, హెడ్ గాస్కెట్ కాలిపోతుంది. ఇంకొకటి: చాలా పాత కార్లలో పెట్రోలు ముల్లూ వేడి ముల్లూ ఒకే వోల్టేజి స్టెబిలైజరు మీద నడిచేవి. ట్యాంకు నిండకుండానే పెట్రోలు ముల్లు నిండినట్టు, అదే సమయంలో వేడి ముల్లు ఎర్ర గీత దగ్గర కనిపిస్తే ఇంజను మీద అనుమానపడకూడదు. ఇద్దరూ కలిసి ఒకే అబద్ధం చెబుతున్నారంటే, ఇద్దరికీ చెప్పినవాడు ఎవడో వెనక ఉన్నాడన్నమాట.

ఇక ఇందాక గుర్తుపెట్టుకోమన్న పాయింటు. సెన్సారు నీళ్లలో మునిగి ఉన్నంతసేపే నీళ్ల వేడి చెబుతుంది. రేడియేటరు పైపు పగిలి నీళ్లన్నీ పోయాయనుకోండి, సెన్సారు గాల్లో ఉండిపోతుంది. ఎర్ర గీత దాకా పోయిన ముల్లు ఒక్కసారిగా కిందికి పడుతుంది. "హమ్మయ్య, చల్లబడింది" అనుకుని ఇంకో పది కిలోమీటర్లు తోలినవాళ్ల ఇంజన్లే సీజ్ అయిపోతాయి. పాత లారీ డ్రైవర్లకి ఇది బాగా తెలుసు. ముల్లు ఎక్కితే బండి నెమ్మది చేస్తారు, పడితే మాత్రం బండే ఆపేస్తారు. ట్రెవితిక్ సీసం బిరడా, బాయిస్ థర్మామీటరు, రెండూ నీళ్లు లేకపోవడాన్ని కూడా కనిపెట్టేవి. తర్వాత వచ్చిన సెన్సారు ఆ పని మానేసింది. నా దృష్టిలో ఇది ఈ చరిత్రలో పెద్ద వెనకడుగు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

1950ల చివర్లో ఉత్తర్‌పారాలో హిందుస్తాన్ మోటార్స్ వాళ్లు మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారుని అంబాసిడర్ పేరుతో తయారుచెయ్యడం మొదలుపెట్టారు. 2014 మే దాకా తయారైంది. దాని ఫ్యాను బెల్టుతో తిరిగేది. ఇంజను తిరిగితే ఫ్యానూ తిరుగుతుంది, ఎవర్నీ అడగదు. ఫియట్ పద్మినీ అంతే. కాబట్టి ఆ రోజుల్లో వేడి సెన్సారు పాడైతే ముల్లు పాడైనట్టే, అంతకుమించి ఏమీ కాదు. డ్రైవరు పెన్నా దాటాకో, పెనుకొండ కొండలు కనబడ్డాకో బండాపి, బానెట్ మీద నాలుగు నీటిచుక్కలు చిలకరించి చూసుకునేవాడు. డిక్కీలో ఖాళీ నూనె డబ్బా, దాన్నిండా నీళ్లు. కరువు సంవత్సరాల్లో ఆ డబ్బా నింపుకోవడం కూడా సులభం కాదు. మనుషులకి లేని నీళ్లు బండికి ఇమ్మని ఏ ఇంటిముందు అడుగుతారు?

ఈ రోజుల్లోనే రాయలసీమ షెడ్డుల్లో ఒక సిద్ధాంతం బలపడింది. థర్మోస్టాట్ వాల్వు పీకి పారెయ్. ఇంజను వేడెక్కేదాకా నీళ్లని రేడియేటరుకి పోనివ్వకుండా ఆపే మైనపు వాల్వు అది. 1930లలో సెర్జియస్ వెర్నే అనే ఆయన కనిపెట్టిన రకం. "మంచు పడే దేశాలకి కావాలప్పా అది, మనకెందుకు?" అనేది మేస్త్రీల వాదన. పైగా బోరు నీళ్ల సున్నం పేరుకుని ఆ వాల్వు మూసుకున్నచోటే బిగిసిపోతే ఇంజను గోవిందా. కార్బురేటర్ల కాలానికి ఆ సిద్ధాంతం పెద్ద తప్పు కాదు. ఇంజను కాస్త చల్లగా నడిచి కొంచెం పెట్రోలు ఎక్కువ తాగేది, కొంచెం తొందరగా అరిగేది. గాస్కెట్ కాలడంకంటే అది నయమే కదా.

1983 డిసెంబరులో మారుతీ 800 వచ్చింది. దాని ఇంజను అడ్డంగా పడుకుంది. ఫ్యానుకి బెల్టు వేసే వీలు పోయింది, కరెంటు ఫ్యాను పెట్టాల్సి వచ్చింది. కరెంటు ఫ్యాను అంటే దాన్ని ఎప్పుడు తిప్పాలో ఎవరో చెప్పాలి. అంటే మొట్టమొదటిసారి, వేడి కొలిచే వస్తువు పాడైతే ఇంజనే పాడయ్యే పరిస్థితి వచ్చింది. ఆ మార్పు ఎంత పెద్దదో ఆ రోజు ఎవరికీ తెలీదు. షెడ్డులు మాత్రం వెంటనే తమ జవాబు తాము కనిపెట్టాయి: ఫ్యాను "డైరెక్ట్ కొట్టేయడం". అంటే తాళం తిప్పగానే ఫ్యాను తిరిగేలా వైరు కలిపేయడం. మే నెల అనంతపురంలో ఇది ఎంత తప్పో నేను గట్టిగా వాదించలేను.

రెండో మార్పు ఢిల్లీ నుంచి వచ్చింది. 1999లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు రాజధాని ప్రాంతంలో కొత్త కార్లకి జూన్ నుంచి యూరో-1, 2000 ఏప్రిల్ నుంచి యూరో-2 ప్రమాణాలు తప్పనిసరి చేసింది. దేశమంతా భారత్ స్టేజ్-2 రావడానికి 2005 ఏప్రిల్ దాకా పట్టింది గానీ, కంపెనీలు అప్పటికే కార్బురేటరు వదిలేసి ఎంపీఎఫ్ఐకి మారిపోయాయి. ఇలాంటి పద్ధతిని బాష్ కంపెనీ 1967లోనే ఫోక్స్‌వాగన్ 1600లో పెట్టింది, అదీ అమెరికా పొగ చట్టాల భయంతోనే. అప్పుడు మైక్రోప్రాసెసరు లేదు, విడి ట్రాన్సిస్టర్లతో చేసిన పెట్టె. కానీ ఆ పెట్టె కూడా మొదట అడిగే ప్రశ్న అదే: ఇంజను ఎంత వేడిగా ఉంది? చల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, వేడెక్కితే తక్కువ. పాత కారులో డ్రైవరు చోక్ లాగి చేసే పని ఇప్పుడు ఒక రెండువైర్ల సెన్సారు చెబితే కంప్యూటరు చేస్తుంది.

ఇక్కడితో ఇంజనులో రెండు సెన్సార్లు అయ్యాయి. ఒంటివైరుది ముల్లుకి, రెండువైర్లది కంప్యూటరుకి. ఒకే నీళ్ల గురించి ఇద్దరు వేరువేరుగా సాక్ష్యం చెబుతారు. డ్రైవరు వినేది ఒకరి మాట, ఇంజను వినేది ఇంకొకరి మాట.

దీని పర్యవసానం దగ్గరగా చూసే అవకాశం నాకు మా మామ కారు వల్ల వచ్చింది. 2002 నాటి చిన్న పెట్రోలు కారు, అనంతపురంలోనే ఉంటుంది. లీటరుకి పదహారు ఇచ్చేది పదకొండుకి పడింది. వేడి మీద స్టార్టు చేస్తే పెట్రోలు వాసన. మొదట్లో ఫ్యాను ఆలస్యంగా తిరిగేది, తర్వాత తిరగడమే మానేసింది. ముల్లు మాత్రం ఎండలో ట్రాఫిక్‌లో నిలబడితే ఎక్కేది. ఏసీ వేస్తే అదే ఫ్యాను భేషుగ్గా తిరిగేది. ఒక షెడ్డులో థర్మోస్టాట్ పీకేశారు. మైలేజి ఇంకా పడింది. ఇంకో షెడ్డులో కంప్యూటరే పోయింది, మార్చాలి అన్నారు. దానికి చెప్పిన రేటుకి ఆ కారే వచ్చేలా ఉంది. మా మామ అమ్మేద్దామనే స్థితికి వచ్చాడు. రిటైరైన మనిషి, ఇంట్లో డయాలసిస్‌కి వెళ్లే పేషెంటు ఉన్నారు, వారానికి రెండుసార్లు ఆ కారుతోనే పని. దారిలో ఆగిపోకూడదు, అంతే ఆయన కోరిక.

చివరికి గుత్తి రోడ్డు వైపు ఒక ముసలి మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన ముందు ఏమీ విప్పలేదు. బండి ఆన్ చేయించి, ఏసీ వేయించి, తీయించి, పది నిమిషాలు ముల్లునీ ఫ్యాన్నీ చూస్తూ నిలబడ్డాడు. "ముల్లు అబద్ధం చెప్పల్యా. ఫ్యాను చెడిపోల్యా, ఏసీకి తిరుగుతాంది కదా. మధ్యలో ఎవురో మాట మారుస్తాండారప్పా" అన్నాడు. ముప్ఫై ఏళ్ల అనుభవం ఉన్న ఆర్కిటెక్టు డయాగ్రాం గీసి చెప్పినా ఇంతకంటే స్పష్టంగా చెప్పడు.

రెండువైర్ల సెన్సారు విప్పి, ఒక గిన్నెలో నీళ్లు కాచి, సెన్సారుని అడుగు తగలకుండా వేలాడదీసి, పక్కన థర్మామీటరు పెట్టి మల్టీమీటరుతో కొలిచాం. ఆ రకం సెన్సారుకి 20 డిగ్రీల దగ్గర సుమారు 2,500 ఓంలు, 80 దగ్గర 320, వంద దగ్గర 186 ఉండాలి. సరిగ్గా ఆ దారిలోనే దిగింది. అంటే సెన్సారు మంచిదే. ఒంటి మీద సున్నం పొర ఉంది, గీకితే పోయింది. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. మేస్త్రీ ఆగలేదు. సెన్సారు బిగించి, ఇంజను బాగా వేడెక్కాక ఆపి, కంప్యూటరు దగ్గర ప్లగ్గు పీకి అక్కణ్ణుంచి కొలిపించాడు. 90 డిగ్రీల దగ్గర 240 ఉండాల్సింది 540 చూపించింది. మిగతా 300 ఓంలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? సెన్సారు ప్లగ్గులో పచ్చగా తుప్పుపట్టిన పిన్నులోంచి. పైనున్న పైపు కీలు దగ్గర ఏళ్ల తరబడి చుక్కా చుక్కా కారిన బోరు నీళ్లు అక్కడ ఉప్పుగడ్డ కట్టాయి.

ఇప్పుడు ఈ 300 ఓంలు ఏం చేస్తాయో లెక్క వేద్దాం, ఇది మనలాంటివాళ్లకి నచ్చే భాగం. పొద్దున్నే ఇంజను చల్లగా 28 డిగ్రీలు ఉన్నప్పుడు సెన్సారు దాదాపు 1,830 చెబుతుంది. దానికి 300 కలిపితే కంప్యూటరుకి 24 డిగ్రీల్లా కనిపిస్తుంది. నాలుగు డిగ్రీల తేడా, ఎవరికీ పట్టదు. ఇంజను 90కి చేరాక 240కి 300 కలిస్తే 540. కంప్యూటరు దాన్ని 63 డిగ్రీలు అనుకుంటుంది. ఇంకా వేడెక్కలేదు పాపం అని పెట్రోలు కాస్త ఎక్కువ పోస్తుంది. మైలేజి ఎక్కడికి పోయిందో తెలిసింది కదా. ఇక ఫ్యాను తిరగాలంటే కంప్యూటరుకి 95 డిగ్రీలు కనపడాలి, అంటే 212 ఓంలు. తుప్పే 300 తినేస్తుంటే, సెన్సారు సున్నాకి పడిపోయినా మొత్తం 300 కంటే తగ్గదు. అంటే కంప్యూటరు దృష్టిలో ఆ ఇంజను 82 డిగ్రీలు దాటడం అసంభవం. ఇంజను కరిగి ముద్దయినా ఫ్యాను తిరగదు.

తుప్పు మొదలైన రోజుల్లో 30 ఓంలే ఉండుంటాయి. అప్పుడు 95కి తిరగాల్సిన ఫ్యాను వంద దాటాక తిరిగి ఉంటుంది. "ఆలస్యంగా తిరుగుతోంది" అనిపించింది అందుకే. ఈ తప్పు చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే దొరకదు. షెడ్డుకి తెచ్చేసరికి బండి చల్లారుతుంది, కొలిచిన ప్రతివాడూ "అంతా బాగుంది" అంటాడు. డెవలపర్ మెషీన్లో రాని బగ్గు క్లయింట్ దగ్గర మాత్రమే రావడం మనకి కొత్తా?

వైరు పూర్తిగా తెగిపోయి ఉంటే బాగుండేది. అప్పుడు కంప్యూటరుకి మైనస్ 40 లాంటి అసాధ్యమైన అంకె కనిపించేది, చెక్ ఇంజన్ దీపం వెలిగించి, ఫ్యాన్ని ఆపకుండా తిప్పేది. తర్వాతి కార్లలో పి0118 అని కోడు కూడా వస్తుంది, షార్టయితే పి0117. కానీ 63 డిగ్రీలు అనేది నమ్మదగిన అంకె. ఏ వ్యాలిడేషనూ దాన్ని పట్టుకోదు. ఖాళీ డేటాని కనిపెట్టడం సులువు, మర్యాదస్తుడిలా కనిపించే తప్పు డేటాతోనే చావు.

రిపేరు ఏమిటంటే, పాత పిన్నులు కోసేసి కొత్త టెర్మినల్స్ నొక్కించడం, కారుతున్న పైపుకి కొత్త క్లిప్పు, సెన్సారు కింద కొత్త రాగి వాషరు. ఆ తర్వాత పీకేసిన థర్మోస్టాట్ స్థానంలో కొత్తది. "మీరూ తీసేయమంటారనుకున్నా" అన్నాడు మా మామ. దానికి మేస్త్రీ, "అంబాసిడర్లకి నేనూ పీకినా సామీ, లెక్కలేదు. దీనికి పీకితే కంప్యూటరు చలికాలం అనుకుంటాది. దీంట్లో బోరు నీళ్లు పోయొద్దు, కూలెంటు పోయండి" అన్నాడు. పనికంతా కలిపి వెయ్యి రూపాయల లోపే అయ్యింది. మైలేజి పదిహేనున్నర. మా మామ సోమవారం, గురువారం ఆసుపత్రికి పోయి వస్తున్నాడు.

నాకు ఆ మేస్త్రీలో నచ్చింది మల్టీమీటరు వాడటం కాదు. తన సిద్ధాంతాన్ని తానే, కారు మారిందని మార్చుకోవడం. ఒకప్పుడు ఆ నేలకి, ఆ నీళ్లకి, ఆ ఇంజనుకి సరిపోయిన తెలివే థర్మోస్టాట్ పీకేయడం. దాన్నే ఇప్పుడు పట్టుకు వేలాడే షెడ్డుల్ని చూసి నవ్వడం సులభం. కానీ వాళ్లకి వైరింగు పటం ఎవరిచ్చారు? కంపెనీలు సర్వీసు పుస్తకాలు బయటి షెడ్డులకి ఇవ్వలేదు, కోడు చదివే మిషన్లు చాలాకాలం వాళ్లకి అందే ధరలో లేవు. డాక్యుమెంటేషన్ లేని లెగసీ సిస్టం మీద పనిచేసేవాడు వర్క్‌అరౌండ్లు కాక ఇంకేం నేర్చుకుంటాడు?

ఇంక ముల్లు సంగతి. అది కూడా మెల్లగా మారిపోయింది. ముల్లు అటూ ఇటూ కదిలితే జనం భయపడి సర్వీసు సెంటరుకి వస్తున్నారని చాలా కంపెనీలు ఒక పని చేశాయి. సుమారు 75 నుంచి 105 దాకా ఇంజను వేడి ఎంతున్నా ముల్లు సరిగ్గా మధ్యలోనే నిలబడేలా ప్రోగ్రాము రాశాయి. ముల్లు మధ్య దాటి కదిలేసరికి పరిస్థితి అప్పటికే చెయ్యిదాటి ఉంటుంది. తర్వాత చిన్న కార్లలో ముల్లే తీసేసి రెండు దీపాలు పెట్టారు: చల్లగా ఉంటే నీలం, మరిగిపోతే ఎరుపు. ఎవరో మన సోదరుడే ఎక్కడో కూర్చుని ఆ ఇఫ్-ఎల్స్ రాసి ఉంటాడు.

2017 ఏప్రిల్‌లో కియా కంపెనీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కార్ల ఫ్యాక్టరీ కట్టింది. 2019 ఆగస్టు 8న మొదటి సెల్టోస్ బయటికొచ్చింది. ఆ చోటు 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీశాక శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. ఫ్యాక్టరీకి నీళ్లు గొల్లపల్లి రిజర్వాయరు నుంచి, అక్కడికి హంద్రీ-నీవా కాలవ ద్వారా కృష్ణా నీళ్లు. నూనె డబ్బా పట్టుకుని రేడియేటరుకి నీళ్లు వెతుక్కున్న అదే రోడ్డు పక్కన, శ్రీశైలం నుంచి ఎత్తిపోసిన నీళ్లతో, లెక్కలేనన్ని సెన్సార్లున్న కార్లు తయారై ప్రపంచానికి పోతున్నాయి. ఆ రోడ్డుకి కాస్త అవతల, ఇప్పుడు షెడ్డుల్లో కుర్రాళ్లు చవకరకం బ్లూటూత్ స్కానరు ఫోనుకి కలిపి, ముల్లు దాచిపెట్టిన అసలు అంకె చూసుకుంటున్నారు. అది కూడా వైరు ఎంత చెబితే అంతే చూపిస్తుందని ఆ ముసలి మేస్త్రీ తన దగ్గర పనిచేసే పిల్లాడికి చెబుతుంటే విన్నాను. పిల్లాడు అప్పటికే గిన్నెలో నీళ్లు పెట్టి స్టవ్ వెలిగించాడు.